కీళ్ల మరమ్మతు ఆపరేషన్లలో పీఆర్‌పీ: ఎక్కడ వేయాలి, ఎంత వేయాలి, ఎక్కడ అక్కర్లేదు

ఆర్థో_పీజీ_విశాఖ

సీనియర్లందరికీ నమస్కారం. ఆపరేషన్ థియేటర్‌లో వాడే ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మాకు (పీఆర్‌పీ, అంటే రోగి రక్తాన్నే తిప్పి ప్లేట్‌లెట్లు చిక్కగా ఉండేలా తీసిన ప్లాస్మా) ఒక ప్రోటోకాల్ రాయాలి. భుజం రొటేటర్ కఫ్ (భుజం చుట్టూ ఉండే టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కట్టే నారలు) రిపేరు, ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంటు) పునర్నిర్మాణం, మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే గుజ్జు) కుట్లు, మోకీలు మార్పిడి, ఈ నాలుగింటికీ కలిపి. మూడు సందేహాలున్నాయి.

పీఆర్‌పీ వల్ల నిజంగా ఉపయోగం ఉన్నవి ఈ నాలుగింటిలో ఏవి? చాలాచోట్ల 10 మి.లీ. ట్యూబు ఒకటి తీసి "3000 ఆర్‌పీఎం (నిమిషానికి 3000 చుట్లు), 10 నిమిషాలు" అని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పేస్తున్నారు, అది సరిపోతుందా? కాల్షియం క్లోరైడ్ కలపడం తప్పనిసరా?

భుజం_సర్జన్

మంచి ప్రశ్నలు. రెండోదానికి రక్తనిధి వాళ్లే సరిగ్గా చెప్పగలరు. మొదటిది నేను తీసుకుంటాను.

రొటేటర్ కఫ్‌లో ఫలితాలు రెండు రకాలుగా ఉండడానికి సగం కారణం, వేసిన పదార్థం ఒకటే కాకపోవడం. 2011లో కాస్ట్రిచినీ బృందం, 2012లో రోడియో బృందం వాడింది ప్లేట్‌లెట్ ఫైబ్రిన్ మ్యాట్రిక్స్, అంటే గట్టిపడిన పొర. వాటిలో టెండన్ మెరుగ్గా అతికినట్టు కనిపించలేదు. 2013లో కొరియాలో జో బృందం పెద్ద చిరుగులకే పరిమితమై, పీఆర్‌పీ జెల్‌ను టెండన్‌కీ ఎముకకీ మధ్యన పెట్టింది. మళ్లీ చిరగడం పీఆర్‌పీ వేసినవాళ్లలో 20 శాతం, వేయనివాళ్లలో 55.6 శాతం. మొత్తం 48 మందే కాబట్టి దీన్నే వేదంగా పట్టుకోకూడదు. అయినా దీన్నిబట్టి ఒక సంగతి అర్థమవుతుంది: మందు టెండన్ పైన కాదు, టెండన్ కింద, ఫుట్‌ప్రింట్ (టెండన్ ఎముకకు అతికే చోటు) మీద ఉండాలి.

ఏసీఎల్‌లో నాకు ఉపయోగం కనిపించేది గ్రాఫ్ట్ (కొత్త లిగమెంటుగా పెట్టే టెండన్ ముక్క) తీసిన చోట. పటెల్లార్ టెండన్ (మోకాలి చిప్ప కింది టెండన్) మధ్య భాగం తీసినప్పుడు అక్కడ మిగిలే ఖాళీలో జెల్ పెడితే ఆ చోట నొప్పి తగ్గిందని, ఖాళీ మెరుగ్గా పూడిందని చిన్న ట్రయల్స్‌లో కనిపించింది. టనెల్లో (గ్రాఫ్ట్ కోసం ఎముకలో తొలిచిన రంధ్రంలో) వేస్తే గ్రాఫ్ట్ త్వరగా ముదిరినట్టు కొన్ని ఎంఆర్ఐ అధ్యయనాలు చెప్పాయి గానీ మోకాలి బిగువులో, ఆటకు తిరిగి వెళ్లడంలో తేడా నిలబడలేదు.

మెనిస్కస్ సంగతి మోకాలి వైపు పనిచేసేవాళ్లు చెప్పాలి. మోకీలు మార్పిడిలో మాత్రం నా మాట సూటిగానే ఉంటుంది: వద్దు. గుజ్జంతా కోసి తీసేసి లోహం పెట్టాక కీలు లోపల మాన్పాల్సింది ఏమీ మిగలదు. గాయం మూసేటప్పుడు ప్లేట్‌లెట్ జెల్ చల్లితే రక్తస్రావం తగ్గుతుందనే వాదన ఉంది. ఆ పని 1 గ్రాము ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంతకంటే నమ్మకంగా, చాలా చౌకగా చేస్తుంది.

మోకాలు_మరమ్మతు

భుజం సర్జన్ గారితో ఏకీభవిస్తూ మెనిస్కస్ గురించి రెండు మాటలు.

మెనిస్కస్‌కు బయటి అంచు నుంచే రక్తం అందుతుంది. లోపలి భాగానికి అందదు, కుట్టు ఎంత బాగా వేసినా అతకదు. అందుకే పీఆర్‌పీ ఆలోచన వచ్చింది. 2019లో ఎవర్‌హార్ట్ బృందం ప్రచురించిన పరిశీలన ఇక్కడ బాగా పనికొస్తుంది. మెనిస్కస్ కుట్లు ఒంటరిగా వేసినప్పుడు పీఆర్‌పీతో వైఫల్యాలు తగ్గాయి. ఏసీఎల్‌తో కలిపి వేసినప్పుడు తేడా లేదు. కారణం ఊహించవచ్చు: ఏసీఎల్ టనెళ్లు తొలిచినప్పుడు ఎముక మజ్జ కీల్లోకి ఎలాగూ కారుతుంది, ఆ రోగికి అదే చాలు.

కాబట్టి ప్రోటోకాల్‌లో "ఏసీఎల్ + మెనిస్కస్" అన్న గడిలో పీఆర్‌పీ రాయకండి. ఒంటరి మెనిస్కస్ రిపేరులో కూడా ముందు నాచ్ (తొడ ఎముక చివరి మధ్య గాడి) గోడకు ఆల్‌తో (మొనదేలిన పొడిచే పనిముట్టుతో) రెండు మూడు రంధ్రాలు పొడిచి మజ్జ కార్చడం గురించి ఆలోచించండి. రోగికి పైసా ఖర్చు లేని పని.

రక్తనిధి_టెక్

ఇప్పుడు ఆ 3000 ఆర్‌పీఎం సంగతి. అసలు నష్టం జరుగుతున్నది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఆర్‌పీఎం ఒక్కటే చెబితే ఏమీ చెప్పనట్టే. రోటర్ వ్యాసార్ధం కావాలి. సూత్రం ఇది: జి విలువ (భూమ్యాకర్షణకు ఎన్ని రెట్ల బలం) = 0.00001118 × వ్యాసార్ధం సెంటీమీటర్లలో × ఆర్‌పీఎం × ఆర్‌పీఎం. వ్యాసార్ధాన్ని ఇరుసు మధ్య నుంచి, తిరిగేటప్పుడు ట్యూబు అడుగు ఉండే చోటు వరకు స్కేలుతో కొలవండి. 15 సెం.మీ. రోటర్‌లో 3000 ఆర్‌పీఎం అంటే దాదాపు 1500 జి. 10 సెం.మీ. రోటర్‌లో దాదాపు 1000 జి.

జెల్ (ఎర్రకణాలను వేరుచేయడానికి ట్యూబులో ముందే ఉండే పదార్థం) లేని మామూలు ట్యూబును ఆ వేగంతో 10 నిమిషాలు తిప్పితే ప్లేట్‌లెట్లు పైన ఉండవు. కిందికి దిగి, ఎర్రకణాల మీద తెల్లటి పొరలో (తెల్లకణాల పొరలో) చిక్కుకుంటాయి. పైన నిగనిగలాడే పసుప్పచ్చ ప్లాస్మాను సిరంజిలోకి లాగి కీల్లో వేస్తే, అది ప్లేట్‌లెట్లు లేని ప్లాస్మా. చూడ్డానికి ఎంత శుభ్రంగా ఉందో అంత ఖాళీ.

జెల్ ఉన్న ట్యూబు అయితే ప్లేట్‌లెట్లు జెల్ పైకప్పు మీద పలచటి పూతలా అంటుకుని ఉంటాయి. పై ప్లాస్మాలో సగం తీసి పారేసి, మిగిలినదాన్ని నెమ్మదిగా ఏడెనిమిదిసార్లు తలకిందులు చేసి ఆ పూతను కలపాలి. ఈ మెట్టు మర్చిపోతే ప్లేట్‌లెట్లు ట్యూబులోనే ఉండిపోయి చెత్తబుట్టకు పోతాయి.

ఆర్థో_పీజీ_విశాఖ

సార్, అయితే రెండుసార్లు తిప్పే పద్ధతిలో అంకెలు ఎలా పెట్టుకోవాలి?

రక్తనిధి_టెక్

60 మి.లీ. సిరంజిలో ముందుగా 6 మి.లీ. ఏసీడీ-ఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ద్రవం) పోసి, పైన 54 మి.లీ. రక్తం. సూది 18 లేదా 19 గేజ్, మోచేతి దగ్గర పెద్ద సిర, ఒక్క పోటుతో దొరకాలి. సిర కోసం సూదితో కెలికితే టిష్యూ ఫ్యాక్టర్ కలిసి సిరంజిలోనే గడ్డ మొదలవుతుంది. గట్టిగా లాగితే ప్లేట్‌లెట్లు అక్కడికక్కడే విచ్చుకుని ఉన్నదంతా కక్కేస్తాయి. రక్తం వస్తుండగానే సిరంజిని అటూ ఇటూ వంచుతూ కలపండి, కుదపకండి. పర్పుల్ మూత ఈడీటీఏ ట్యూబులు దీనికి వద్దు, ప్లేట్‌లెట్ ఆకారం దెబ్బతింటుంది.

మొదటి తిప్పు 200 జి, 10 నిమిషాలు. 15 సెం.మీ. రోటర్‌కు అది సుమారు 1090 ఆర్‌పీఎం, 10 సెం.మీ. రోటర్‌కు సుమారు 1340. బ్రేక్ ఆపేయాలి. బ్రేక్ పడితే చివర్లో వచ్చే కుదుపుకు తెల్లపొర లేచి ప్లాస్మాలో కలిసిపోతుంది. గది 20–24 డిగ్రీల మధ్య ఉంచండి. రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టకండి.

పైన వచ్చిన ప్లాస్మాను పొడవాటి స్పైనల్ సూదితో కొత్త స్టెరైల్ ట్యూబులోకి తీయాలి. రెండో తిప్పు 500 జి, 15 నిమిషాలు. అడుగున చిన్న బటన్‌లా కనిపించేవే ప్లేట్‌లెట్లు. పై ప్లాస్మా తీసేసి 6 మి.లీ. మిగల్చండి. వెంటనే కలపకుండా పది నిమిషాలు కదపక వదిలితే ఉండలు వదులవుతాయి. ఆ తర్వాత నెమ్మదిగా తిప్పుతూ కలపాలి.

లెక్క చూడండి. రోగి ప్లేట్‌లెట్ కౌంట్ మైక్రోలీటరుకు 2.5 లక్షలు అనుకుందాం. 54 మి.లీ.లో 1350 కోట్లు. జాగ్రత్తగా చేస్తే 70 శాతం చేతికొస్తాయి, అంటే 945 కోట్లు. 6 మి.లీ.లో అది మైక్రోలీటరుకు దాదాపు 15.7 లక్షలు. అదే రోగి నుంచి 8.5 మి.లీ. రక్తం పట్టే ఒక్క ట్యూబు తీస్తే, అంతే నైపుణ్యంతో చేసినా 149 కోట్లు దాటదు. మీ రెండో ప్రశ్నకు ఇదే జవాబు: ఒక్క ట్యూబు సరిపోదు. ఎంత బాగా తిప్పినా, తీసిన రక్తంలో లేని ప్లేట్‌లెట్లు పుట్టుకురావు.

మోకాలు_మరమ్మతు

ఈ లెక్కను పక్కన పెట్టుకుని 2021లో జామా వైద్య పత్రికలో వచ్చిన రీస్టోర్ ట్రయల్ చదవాలి. ఆస్ట్రేలియాలో 288 మంది, మోకాలి అరుగుదల, వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు, పోలికకు సెలైన్. ఏడాది తర్వాత నొప్పిలోనూ గుజ్జు పరిమాణంలోనూ తేడా లేదు. చాలామంది ఇక్కడితో పుస్తకం మూసేశారు. కానీ అందులో వాడినదాని గాఢత సగటున మైక్రోలీటరుకు 3.25 లక్షలు, 5 మి.లీ. అంటే ఒక్కో ఇంజెక్షన్‌కు సుమారు 162 కోట్ల ప్లేట్‌లెట్లు. మామూలు రక్తానికి కాస్త పైన. అదే ఏడాది సైంటిఫిక్ రిపోర్ట్స్‌లో వచ్చిన మన దేశపు అధ్యయనంలో 8 మి.లీ.లో 1000 కోట్లు వేశారు, ఏడాది తర్వాత కూడా ప్రయోజనం నిలిచింది.

రీస్టోర్ తప్పని నా ఉద్దేశం కాదు. చాలా పద్ధతిగా చేసిన ట్రయల్, ఆ మోతాదు పనిచేయదని గట్టిగా తేల్చింది. కాబట్టి ఆ మోతాదునే తయారుచేసి రోగికి డబ్బులు రాయించడం మానాలి.

భుజం_సర్జన్

మోతాదు విషయంలో ఒప్పుకుంటాను. అయితే ఆ రెండూ అరుగుదలకు వేసే ఇంజెక్షన్ల మీద వచ్చినవి. కఫ్ రిపేరులో 1000 కోట్లు కావాలని ఎవరూ రుజువు చేయలేదు. ఆపరేషన్‌లో మోతాదు కంటే ముందు అది అక్కడ నిలుస్తుందా అన్నది చూడాలి.

ఆర్త్రోస్కోపీలో (చిన్న రంధ్రం నుంచి కెమెరాతో చేసే ఆపరేషన్‌లో) భుజంలోకి లీటర్ల కొద్దీ సెలైన్ పారుతుంటుంది. ద్రవరూపంలో పీఆర్‌పీ వేసి పంపు ఆన్‌లో ఉంచితే నిమిషంలో షేవర్ (కీల్లో కోసి పీల్చే పనిముట్టు) పైపులోంచి బయటికి పోతుంది. వరస ఇలా ఉండాలి. కుట్లన్నీ బిగించాక నీటి ఇన్‌ఫ్లో మూసేయాలి. లోపలి నీళ్లు పూర్తిగా పీల్చేయాలి. 18 గేజ్ స్పైనల్ సూదిని కెమెరాలో చూస్తూ టెండన్‌కీ ఎముకకీ మధ్యకు దింపాలి. నెమ్మదిగా వేసి, సూది తీశాక మళ్లీ నీళ్లు వదలకూడదు. సక్షన్ డ్రెయిన్ పెడితే వేసినదంతా సీసాలోకి వస్తుంది కాబట్టి అదీ వద్దు. జెల్ పెట్టదలిస్తే కుట్లు బిగించకముందే పెట్టి, దాని మీద టెండన్ దించాలి.

మూడో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. పొడిగా ఉన్న చోట ద్రవం వేస్తే అక్కడి కొలాజెన్ తగిలి ప్లేట్‌లెట్లు వాటంతటవే చురుకవుతాయి, కాల్షియం అక్కర్లేదు. జెల్ కావాలంటే కావాలి.

రక్తనిధి_టెక్

జెల్‌కు మోతాదు: 1 మి.లీ. పీఆర్‌పీకి 10 శాతం కాల్షియం క్లోరైడ్ 0.05 నుంచి 0.1 మి.లీ. సిట్రేట్ పట్టి ఉంచిన కాల్షియాన్ని తిరిగి ఇస్తున్నామంతే. తక్కువైతే గడ్డకట్టదు. ఎక్కువ పోస్తే త్వరగా కడుతుందనుకోవద్దు, మోతాదు మించినా గడ్డ ఆలస్యమవుతుంది. థియేటర్ ఏసీ చలిలో ఇంకా ఆలస్యం. 37 డిగ్రీల నీళ్లలో గిన్నె ఉంచితే పది నుంచి ముప్ఫై నిమిషాల్లో జెల్ వస్తుంది, కాబట్టి సర్జన్ కుట్లు మొదలుపెట్టేటప్పుడే కలపాలి. చురుకయ్యాక మొదటి పది నిమిషాల్లోనే గ్రోత్ ఫ్యాక్టర్లలో అధికభాగం బయటపడతాయి. ముందే కలిపి గంటసేపు ట్రేలో పెడితే సారమంతా గిన్నెలోనే పోతుంది.

పశువుల థ్రాంబిన్ మాత్రం వాడొద్దు. ఫ్యాక్టర్ 5కు యాంటీబాడీలు పుట్టి, రోగికి తర్వాత రక్తస్రావం సమస్య తెచ్చిపెట్టిన ఉదంతాలున్నాయి.

ఆర్థో_పీజీ_విశాఖ

తెల్లకణాల సంగతి ఎవరూ చెప్పలేదు. తెల్లపొర కలుపుకోవాలా, వదిలేయాలా?

మోకాలు_మరమ్మతు

కీలు లోపలైతే వదిలేయండి. తెల్లకణాలు ఎక్కువున్నది సైనోవియం (కీలు లోపలి పొర) కణాలను దెబ్బతీస్తుందనీ, మంట పెంచుతుందనీ ప్రయోగశాలలో కనిపించింది. ఎర్రకణాలు ఇంకా చెడ్డవి, వాటి ఇనుము గుజ్జు కణాలకు విషం. ప్లాస్మా తీసేటప్పుడు సూది మొనను తెల్లపొరకు 2–3 మి.మీ. పైనే ఆపాలి. చివరి పీఆర్‌పీ గులాబీ రంగులో ఉంటే ఎర్రకణాలు ఎక్కువ కలిశాయని అర్థం, కీల్లో వేయకండి.

భుజం_సర్జన్

ఇక్కడ నాది కొంచెం వేరే అభిప్రాయం. మోచేతి బయటి వైపు పాత టెండన్ నొప్పికి తెల్లకణాలున్న పీఆర్‌పీతో మంచి ఫలితాలు వచ్చాయి, ఆ కొద్దిపాటి మంటే అక్కడ పని మొదలుపెడుతుందన్నది ఒక వాదన. కఫ్ ఫుట్‌ప్రింట్ కూడా టెండన్ చోటే. కానీ ఆర్త్రోస్కోపీలో అది కీలులోకి కారకుండా ఆపలేం. కాబట్టి ఆచరణలో నేను కూడా తెల్లకణాలు తక్కువున్నదే రాస్తాను. పొర నుంచి దూరంగా ఆగితే కొన్ని ప్లేట్‌లెట్లు నష్టపోతాం, ఆ నష్టాన్ని ఎక్కువ రక్తం తీసి పూడ్చుకోవాలి.

మత్తు_డాక్టర్_గుంటూరు

ఎవరూ తాకని విషయం: రక్తం ఎప్పుడు తీయాలి.

మత్తు ఇచ్చి, లీటరు సెలైన్ ఎక్కించి, డైక్లోఫెనాక్‌, కీటోరొలాక్ లాంటివి వేశాక "సార్, పీఆర్‌పీకి రక్తం" అని అడుగుతారు. అప్పటికి రక్తం పలచబడింది, ప్లేట్‌లెట్ల పని కూడా మందగించింది. క్యాన్యులా పెట్టే సమయంలోనే, డ్రిప్ లేని చేతి నుంచి, ఏ మందూ వెళ్లకముందే తీయండి. చురుకు చేయని పీఆర్‌పీ స్టెరైల్‌గా గది ఉష్ణోగ్రతలో ఉంటే నాలుగు గంటల లోపు వాడుకోవచ్చు, మీ ఆపరేషన్‌కు అది చాలు.

కీల్లో పీఆర్‌పీ, బుపివకెయిన్ (తిమ్మిరి మందు) కలిపి వేయకండి. బుపివకెయిన్ గుజ్జు కణాలను చంపుతుంది, ప్లేట్‌లెట్ల పనినీ అడ్డుకుంటుంది. నొప్పికి నర్వ్ బ్లాక్ ఇస్తాం.

ఆర్థో_పీజీ_విశాఖ

గుండెకు స్టెంట్ ఉండి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ (ప్లేట్‌లెట్ల పనిని తగ్గించే మందులు) వాడుతున్నవాళ్లకు పది రోజుల ముందు ఆపమనాలా సార్?

మత్తు_డాక్టర్_గుంటూరు

వద్దమ్మా. పీఆర్‌పీ కోసం ఆ మందులు ఆపడం ప్రమాదం. స్టెంట్ మూసుకుపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషన్ కోసం ఏవి ఆపాలో, ఎన్ని రోజులో కార్డియాలజిస్టు చెప్పాలి. ఆయన కొనసాగించమంటే పీఆర్‌పీ ఆలోచన వదిలేయండి. స్టెంట్ లేనివాళ్లు మామూలు నొప్పి మాత్రలు వారం, పది రోజుల ముందు ఆపితే సరిపోతుంది, ఆ మధ్యలో పారాసిటమాల్.

ప్లేట్‌లెట్లు లక్షలోపు ఉన్నా, హిమోగ్లోబిన్ 10 కంటే తక్కువున్నా, ఎక్కడైనా ఇన్ఫెక్షన్ ఉన్నా, రక్త క్యాన్సర్ ఉన్నా పీఆర్‌పీ జోలికి వెళ్లకండి. డెంగీ నుంచి ఈమధ్యే కోలుకున్నవాళ్లకు కౌంట్ తాజాగా చూడాలి, పాత రిపోర్టు చెల్లదు.

ఓటీ_సిస్టర్

నమస్తే అందరికీ. ట్యూబు మీద రోగి పేరు, ఐపీ నంబరు, తీసిన సమయం రాయకుండా సెంట్రిఫ్యూజ్‌లోకి వెళ్లనివ్వకండి. ఒకే రోజు ఇద్దరికి పీఆర్‌పీ ఉంటే ఒకరిది పూర్తయి యంత్రం తుడిచాకే రెండోది. అమెరికాలోని న్యూమెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో ముఖానికి పీఆర్‌పీ చేయించుకున్నవాళ్లకు హెచ్‌ఐవీ సోకిందని 2024లో అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ బయటపెట్టింది. పేర్లు లేని రక్తం ట్యూబులు అక్కడ దొరికాయి, ఒక్కసారి వాడి పారేయాల్సినవి మళ్లీ వాడారు.

ట్యూబు మూత తీసే పని ఏదైనా లామినార్ ఫ్లో (వడపోసిన గాలి వీచే చోటు) కింద, స్టెరైల్ గ్లోవ్స్‌తో చేయాలి. సెంట్రిఫ్యూజ్ గదిలో మామూలు బల్ల మీద తీసి, అదే సిరంజిని స్టెరైల్ ట్రాలీ మీద పెట్టడం కుదరదు. సిరంజి బయటి భాగం స్టెరైల్ కాదు కాబట్టి అసిస్టెంట్ దేన్నీ తాకకుండా పై నుంచి గిన్నెలోకి వదలాలి, స్క్రబ్ చేసినవాళ్లు మరో సిరంజితో అందులోంచి లాగాలి. ఎదురెదురు ట్యూబుల బరువు తూకం వేసి సమానం చేయడం కూడా మర్చిపోవద్దు. యంత్రం ఊగితే పొరలు కలుస్తాయి.

ఫిజియో_వరంగల్

పీఆర్‌పీ వేశారు కదా అని వ్యాయామం ముందుకు జరపకండి. కఫ్ రిపేరుకు స్లింగ్ ఎప్పటిలాగే నాలుగు నుంచి ఆరు వారాలు, ఏసీఎల్ తర్వాత ఆటకు ఎప్పటిలాగే కనీసం తొమ్మిది నెలలు. "ప్లాస్మా వేశారట, మూడో వారానికే చెయ్యి ఎత్తొచ్చట" అని రోగులు అడుగుతుంటారు, డిశ్చార్జి కాగితంలోనే రాయండి కుదరదని.

మొదటి రెండు మూడు రోజులు నొప్పి పెరగడం సహజం. మూడో రోజు దాటాక ఇంకా పెరుగుతుంటే, జ్వరం వస్తే, కుట్ల నుంచి ద్రవం కారితే "పీఆర్‌పీ మంటలే" అని సర్దిచెప్పకూడదు. సీఆర్‌పీ (ఇన్ఫెక్షన్, వాపు సూచించే రక్తపరీక్ష) చూడాలి, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కీలు నీరు తీసి కల్చర్‌కు పంపాలి.

భుజం_సర్జన్

ఫిజియో గారికి నా వంతు జోడింపు. గోడ వంకరగా కట్టి ఎన్ని నీళ్లు పెట్టినా నిలవదు. టెండన్ మీద లాగుడు ఎక్కువుండగా కుట్టినప్పుడు, యాంకర్లు (టెండన్ కుట్లను ఎముకకు పట్టించే చిన్న మేకులు) మెత్తటి ఎముకలో వేసినప్పుడు, షుగర్ అదుపులో లేనప్పుడు, సిగరెట్ మానని రోగిలో ప్లేట్‌లెట్లు ఆ లోటు తీర్చవు. డబ్బు ఒకదానికే ఉంటే దాన్ని మంచి యాంకర్ల మీద, సరైన ఫిజియోథెరపీ మీద పెట్టమనండి. బీమా కంపెనీ పీఆర్‌పీకి చెల్లిస్తుందో లేదో ఆపరేషన్‌కు ముందే రాతపూర్వకంగా తెలుసుకోమనండి.

ఆర్థో_పీజీ_విశాఖ

అందరికీ చాలా థాంక్స్. ఆఖరి ప్రశ్న రక్తనిధి సార్‌కు. తయారైన పీఆర్‌పీని మా ల్యాబ్ కౌంటర్‌లో పెడితే 6 లక్షలే చూపించింది, కానీ బటన్ మాత్రం బాగా పెద్దగా వచ్చింది. ఏది నమ్మాలి?

రక్తనిధి_టెక్

రెండు తప్పులు జరిగే అవకాశం ఉంది. ఒకటి, ఉండలు. యంత్రం ఉండను ప్లేట్‌లెట్‌గా లెక్కించదు, తెల్లకణమనుకుంటుంది లేదా వదిలేస్తుంది. ఒక చుక్క స్లైడ్ మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూస్తే వెంటనే తెలుస్తుంది. ఉండలు కనిపిస్తే ఇంకో పది నిమిషాలు ఆగి, మళ్లీ కలిపి చూడండి.

రెండు, యంత్రం హద్దు. మామూలు సెల్ కౌంటర్లు రక్తం కోసం చేసినవి, బాగా ఎక్కువ గాఢతలో అంకె నమ్మలేం. 0.1 మి.లీ. పీఆర్‌పీని అదే రోగి మిగులు ప్లాస్మా 0.9 మి.లీ.తో కలిపి పెట్టండి, వచ్చిన అంకెను పదితో గుణించండి. మిగులు ప్లాస్మాను కూడా విడిగా ఒకసారి పెట్టండి. అందులో ప్లేట్‌లెట్లు ఎక్కువుంటే రెండో తిప్పు చాలలేదని అర్థం, తర్వాతిసారి జి కొద్దిగా పెంచాలి.

కేస్ షీట్‌లో ఐదు అంకెలు రాయండి: రోగి రక్తంలో కౌంట్, పీఆర్‌పీలో కౌంట్, తెల్లకణాలు, ఎన్ని మి.లీ. వేశారు, కాల్షియం కలిపారా లేదా. మీ రోటర్ వ్యాసార్ధం, యంత్రం మోడల్ ఇక్కడ పెడితే రెండు తిప్పులకూ ఆర్‌పీఎం లెక్కకట్టి ఇస్తాను.